పేరూ ఊరూ కలిపితే అడ్రసు ఎందుకు మాయమవుతోంది? ఎస్‌క్యూఎల్‌లో టెక్స్ట్ ముక్కలు కలపడం గురించి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి చెప్తాను, నాకు అర్థమైంది సరైనదో కాదో నీకూ తెలుస్తుంది. హనుమకొండలో ఒక విత్తనాల దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నావు. రైతుల టేబుల్‌లో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ వేర్వేరు కాలమ్‌లలో ఉన్నాయి. బిల్లు మీద అడ్రసు ఒకే వరసలో పడాలని రెండు నిలువు గీతలతో (||) అన్నీ కలిపావు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నడిపితే కొందరికి అడ్రసు బాగానే వచ్చింది, కొందరికి మొత్తం ఖాళీ. అదే క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ప్రశ్న) దుకాణంలో మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో నడిపితే అడ్రసు బదులు 1, 0 వచ్చాయి. ఇంకో మాట కూడా అడిగావు: పేరుతో వెతికే పెట్టె కోసం క్వెరీనే ముక్కలుగా కలిపి తయారు చేస్తే పర్వాలేదా అని. దానికి చివర్లో వస్తాను.

(ఫంక్షన్ల పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకో.)

ముందు మైఎస్‌క్యూఎల్ సంగతి, అది తొందరగా తేలిపోతుంది. 1992 నాటి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) ప్రమాణంలో రెండు నిలువు గీతలంటే కలపడమే. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూలైట్ దాన్నే పాటిస్తాయి. మైఎస్‌క్యూఎల్ మాత్రం మామూలుగా ఆ గీతలను ‘లేదా’ అనే తర్కపు గుర్తుగా చదువుతుంది. కాబట్టి నువ్వు ఇచ్చిన ప్రతి టెక్స్ట్‌నూ ముందు అంకెగా మార్చుకుంటుంది. ‘కొమురయ్య’లో అంకె ఏమీ లేదు, అది 0. ఇంటి నంబరు ‘2-45’లో మొదట 2 ఉంది, అంత మటుకే తీసుకుని 2 అనుకుంటుంది, అంటే నిజం. పిన్‌కోడ్ 506002 కూడా నిజమే. అందుకే పిన్ గానీ ఇంటి నంబరు గానీ ఉన్న రైతులకు 1 వచ్చింది. ఆ రెండూ ఖాళీ స్ట్రింగ్‌గా ఉన్నవాళ్లకు 0. నల్‌గా (అసలు విలువే నింపకుండా) ఉంటే ఫలితం కూడా నల్. నీ దుకాణంలో వచ్చిన 1, 0 పట్టిక పక్కన పిన్‌కోడ్ కాలమ్ పెట్టి చూడు, సరిగ్గా ఇలాగే సరిపోతుంది.

పైప్స్_యాజ్_కాన్‌క్యాట్ అనే మోడ్ పెడితే మైఎస్‌క్యూఎల్ కూడా గీతలను కలిపే గుర్తుగా తీసుకుంటుంది. కానీ నేనైతే ఆ దారి పట్టను. ఆ సెట్టింగ్ ఒక సర్వర్‌లో ఉండి ఇంకో సర్వర్‌లో లేకపోతే క్వెరీ ఎక్కడా ఎర్రర్ ఇవ్వదు, తప్పు జవాబు మాత్రం ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ముక్కలను కలిపే కాన్‌క్యాట్ ఫంక్షనే వాడు. చదివేవాళ్లకు కూడా ఏం జరుగుతోందో తెలుస్తుంది.

ఇక అసలు విషయం, పోస్ట్‌గ్రెస్‌లో మాయమైన అడ్రసులు.

నల్ అంటే ‘ఖాళీ’ అని చాలామంది మనసులో ఉంటుంది. డేటాబేస్ దృష్టిలో నల్ అంటే ‘తెలియదు’. తెలిసిన ఏడు ముక్కలకు తెలియని ఒక్క ముక్క కలిపితే వచ్చే వాక్యం ఏమిటి? అదీ తెలియదు. కాబట్టి తండ్రి పేరు ఒక్కటి నల్ అయితే చాలు, పేరు, ఊరు, మండలం అన్నీ ఉన్నా ఫలితం మొత్తం నల్. మైఎస్‌క్యూఎల్ కాన్‌క్యాట్ కూడా ఇంతే, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్లస్ గుర్తు కూడా ఇంతే. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాన్‌క్యాట్ ఫంక్షన్ మాత్రం నల్‌ను పట్టించుకోకుండా మిగిలినవి కలిపేస్తుంది. చూశావా, ఒకే పేరున్న ఫంక్షన్, మైఎస్‌క్యూఎల్‌లో ఒకలా, పోస్ట్‌గ్రెస్‌లో ఇంకోలా. ఒరాకిల్‌ది మరీ వేరే లెక్క. అక్కడ ఖాళీ స్ట్రింగ్, నల్ రెండూ ఒకటే, కలిపేటప్పుడు నల్‌ను ఏమీ లేనట్టే తీసుకుంటుంది. ఒరాకిల్‌లో ఏళ్ల తరబడి బాగా నడిచిన రిపోర్టు పోస్ట్‌గ్రెస్‌కు మార్చగానే వరసలు మాయం కావడానికి కారణం చాలాసార్లు ఇదే.

నీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది: గుర్తు ఏది, ఫంక్షన్ ఏది అన్నది తర్వాత. కలిపే ప్రతి ముక్కకూ ముందు ‘ఇది లేకపోతే బిల్లు మీద ఏం పడాలి?’ అని నిర్ణయించుకోవాలి. రైతు పేరు లేకపోతే ఆ బిల్లు పడకపోవడమే మంచిది. తండ్రి పేరు లేకపోతే దాని ముందున్న ‘తండ్రి’ అన్న మాట, కామా కూడా పోవాలి. పిన్ లేకపోతే ముందున్న అడ్డగీత (-) పోవాలి. ఈ నిర్ణయం డేటాబేస్ నీ కోసం తీసుకోదు.

నల్‌తో వచ్చే ఈ ఇబ్బందినే మనకు పనికొచ్చేలా వాడుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో

ఇంటిపేరు || ' ' || పేరు

అని మొదలుపెట్టకు. ఇంటిపేరు లేని రైతులు నీ టేబుల్‌లో ఖాయంగా ఉంటారు. దీని బదులు ఇలా రాయి (కోఅలెస్ అంటే ఇచ్చినవాటిలో నల్ కాని మొదటిదాన్ని తిరిగిచ్చే ఫంక్షన్):

కోఅలెస్(ఇంటిపేరు || ' ', '') || పేరు
|| కోఅలెస్(', తండ్రి ' || తండ్రి_పేరు, '')
|| కోఅలెస్(', ఇం.నం. ' || ఇంటి_నంబరు, '')
|| కోఅలెస్(', ' || ఊరు, '')
|| కోఅలెస్(', ' || మండలం || ' మండలం', '')
|| కోఅలెస్(', ' || జిల్లా || ' జిల్లా', '')
|| కోఅలెస్(' - ' || పిన్, '')

ఇందులో కిటుకు బ్రాకెట్లలో ఉంది. కామా, ‘తండ్రి’ అన్న మాట కోఅలెస్ లోపల పెట్టాను. తండ్రి పేరు నల్ అయితే లోపలి కలయిక మొత్తం నల్ అవుతుంది, కోఅలెస్ దాన్ని ఖాళీ స్ట్రింగ్‌గా మారుస్తుంది, కామా కూడా దాంతో పాటే పోతుంది. ఎక్కువమంది కోఅలెస్‌ను కాలమ్‌కు మాత్రమే చుట్టి కామాను బయట వదిలేస్తారు. అప్పుడే ‘కొమురయ్య, తండ్రి , , సంగెం’ లాంటి బిల్లులు వస్తాయి. పేరుకు మాత్రం కోఅలెస్ పెట్టలేదు, గమనించు. పేరే లేకపోతే మొత్తం నల్ కావాలి, అది నేను కావాలని వదిలింది.

మైఎస్‌క్యూఎల్‌లో ఇదే పని కోఅలెస్(కాన్‌క్యాట్(', తండ్రి ', తండ్రి_పేరు), '') అని జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం లోపల కాన్‌క్యాట్ పెడితే కిటుకు పనిచేయదు, అది నల్‌ను మింగేసి ‘, తండ్రి ’ అన్న ముక్కను అలాగే వదిలేస్తుంది. లోపల గీతలే ఉండాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లోపల ప్లస్.

ముక్కల మధ్య కామా ఒక్కటే చాలు, వేరే మాటలు అక్కర్లేదు అంటే కాన్‌క్యాట్_డబ్ల్యూఎస్ ఉంది. మొదట కామా చెప్తావు, తర్వాత ముక్కలు ఇస్తావు, నల్ ఉన్నవాటిని దాటేసి మిగిలినవాటి మధ్యే కామా పెడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఎప్పటినుంచో ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో 9.1 నుంచి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2017 నుంచి, ఎస్‌క్యూలైట్‌లో 2023లో వచ్చిన 3.44 నుంచి. ఒక జాగ్రత్త: అది నల్‌ను దాటేస్తుంది గానీ ఖాళీ స్ట్రింగ్‌ను దాటదు. దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లాడు తండ్రి పేరు గడిలో స్పేస్ కొట్టి ముందుకు పోతాడు. ఆ గడి నల్ కాదు. కాబట్టి ప్రతి ముక్కనూ నల్‌ఇఫ్(ట్రిమ్(తండ్రి_పేరు), '') అని చుట్టు. స్పేస్‌లు పోయాక ఏమీ మిగలకపోతే అది నల్ అవుతుంది. పైన రాసిన పొడుగాటి క్వెరీలో కూడా ఇదే చేయాలి. అంతకన్నా మంచిది, డేటా లోపలికి వచ్చే చోటే శుభ్రం చేయడం.

అంకెల విషయం క్లుప్తంగా చెప్తాను. పిన్‌కోడ్ అంకె రకంలో ఉంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ 'వరంగల్ - ' + పిన్ అన్నదాన్ని కూడిక అనుకుని వరంగల్‌ను అంకెగా మార్చబోయి ఎర్రర్ ఇస్తుంది. పిన్‌కోడ్‌నూ ఫోన్ నంబరునూ ఎవరూ కూడరు, తీసివేయరు. వాటిని టెక్స్ట్‌గానే దాచు. బిల్లు నంబరు ముందు సున్నాలు కావాలని ఎల్‌ప్యాడ్ వాడితే ఒకటి గుర్తుంచుకో: నాలుగు అంకెల వెడల్పు అని చెప్పాక బిల్లు నంబరు 9999 దాటితే అది సున్నాలు చేర్చదు సరికదా, చివరి అంకెను కోసేస్తుంది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లో అంకెను టెక్స్ట్‌గా మార్చే టు_చార్‌తో సున్నాలు తెస్తే మైనస్ గుర్తు కోసం ముందు ఒక స్పేస్ ఉంచుతుంది, ఫార్మాట్‌లో ఎఫ్ఎమ్ పెడితే పోతుంది.

మన తెలుగు డేటాకే వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. వీటి గురించి ఇంగ్లిష్‌లో రాసిన పాఠాల్లో దొరకదు, కాబట్టి కొంచెం నిలబడి చెప్తాను.

బిల్లు మీద ఇంటిపేరు పూర్తిగా వద్దు, మొదటి అక్షరం చాలు అని మీ సేఠ్ అంటాడు, రాసిపెట్టుకో. వెంటనే లెఫ్ట్(ఇంటిపేరు, 1) రాయాలనిపిస్తుంది. ‘కొమురవెల్లి’ మీద అది నడిపితే ‘క’ వస్తుంది, ‘కొ’ రాదు. ఎందుకంటే కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘కొ’ యూనికోడ్‌లో రెండు ముక్కలు, క ఒకటి, ఒత్వం ఒకటి. ‘శ్రీరామోజు’ అయితే ‘శ’ మాత్రమే మిగులుతుంది, ‘శ్రీ’కి నాలుగు ముక్కలు కావాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాతో వెతికే పద్ధతి) గుణింతపు గుర్తులనూ పొల్లు తర్వాతి ఒత్తునూ కలుపుకుని తీయవచ్చు. కానీ అలా తీసినా పని పూర్తి కాదు. మనవాళ్లలో ఒకరు ‘కె.’ అని రాస్తారు, ఒకరు ‘కొ.’ అని రాస్తారు, ఒకరికి ఇంటిపేరుతో పాటు తండ్రి పేరు మొదటి అక్షరం కూడా ఉంటుంది. అది ఆ మనిషి ఇష్టం. అందుకే ఇనిషియల్ కోసం వేరే కాలమ్ పెట్టి, రైతును అడిగి నింపమని నా సలహా.

రెండోది, పొడుగు. యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు ముక్క ఒక్కోటి 3 బైట్లు. ‘ధర్మసాగర్’లో 9 ముక్కలు, అంటే 27 బైట్లు. మైఎస్‌క్యూఎల్‌లో లెంగ్త్ అడిగితే 27 అంటుంది, చార్_లెంగ్త్ అడిగితే 9 అంటుంది. మామూలు రోజుల్లో ఈ తేడా పట్టదు. మండలానికి ఒక వరస చొప్పున, అందులోని ఊళ్లన్నీ కామాలతో కలిపి చూపించాలని గ్రూప్_కాన్‌క్యాట్ వాడిన రోజు పడుతుంది. దానికి మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా ఉన్న పరిమితి 1024 బైట్లు. ధర్మసాగర్ అంత పేర్లు కామా, స్పేస్‌తో కలిపి 29 బైట్ల చొప్పున 35 పడతాయి, ఆ తర్వాతవి కోసుకుపోతాయి. ఎర్రర్ రాదు, ఒక వార్నింగ్ వస్తుంది, దాన్ని నీ ప్రోగ్రాం చూడదు. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించినప్పుడు అన్నీ వచ్చాయి, తెలుగులోకి మారగానే చివరి ఊళ్లు లేవు అంటే కారణం ఇదే. గ్రూప్_కాన్‌క్యాట్_మ్యాక్స్_లెన్ విలువను ఆ సెషన్‌లో పెంచుకో. మైఎస్‌క్యూఎల్ నుంచి పుట్టిన మరియాడీబీ 10.2.4 నుంచి ఈ పరిమితిని 1 ఎంబీకి పెంచింది.

ఒరాకిల్‌లో ఇదే పనికి లిస్ట్‌ఆగ్ ఉంది. అది 4000 బైట్లు దాటితే ఓఆర్ఏ-01489 అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ స్ట్రింగ్_ఆగ్ 8000 బైట్ల దగ్గర అలాగే ఆగుతుంది, లోపలి ముక్కను ముందే ఎన్‌వార్‌చార్ మ్యాక్స్ అనే పొడుగు టెక్స్ట్ రకంగా మారిస్తే ఆగదు. చాలామంది ఈ ఎర్రర్లను తిట్టుకుంటారు. నాకు మాత్రం ఇవే నచ్చుతాయి. చెప్పకుండా ఊళ్లు కోసేసే దానికన్నా, పని ఆపి చెప్పేదే నమ్మదగ్గది. ఏది వాడినా వరస క్రమం అగ్రిగేట్‌తోనే (చాలా వరసలను ఒకటి చేసే ఈ ఫంక్షన్‌తోనే) చెప్పాలి. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వితిన్ గ్రూప్‌లో, మిగిలినవాటిలో బ్రాకెట్ లోపల ఆర్డర్ బై. క్వెరీ చివర పెట్టిన ఆర్డర్ బై ఊళ్ల వరసను మార్చదు.

మూడోది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగు మాట కోట్స్‌లో రాసేటప్పుడు ముందు ఎన్ అక్షరం పెట్టాలి. లేకపోతే యూటీఎఫ్-8 కొలేషన్ (టెక్స్ట్‌ను దాచే, పోల్చే పద్ధతి) లేని డేటాబేస్‌లో ‘వరంగల్’ బదులు ఆరు ప్రశ్నార్థకాలు కలుస్తాయి. కాలమ్ సరైన రకంలో ఉన్నా సరే, మధ్యలో నువ్వు కలిపిన ‘ మండలం’ అన్న ఒక్క మాటే పాడై కనిపిస్తుంది. అప్పుడు కాలమ్‌ను అనుమానిస్తూ కూర్చోకు.

ఇంకొకటి నువ్వు అడగలేదు గానీ, నీ క్వెరీ చూశాక చెప్పక తప్పదు. ఒకే ఇంటికి రెండు ఖాతాలు ఉన్నాయేమో పట్టుకోవడానికి వార్డు, బ్లాకు, ఇంటి అంకె మూడూ మధ్యలో అడ్డగీతలు లేకుండా కలిపి పోలుస్తున్నావు. 1-11-2, 11-1-2 రెండూ కలిపితే 1112. మన పట్టణాల్లో ఇలాంటి ఇంటి నంబర్లు పక్క పక్కనే ఉంటాయి. పోల్చడానికీ గ్రూపు చేయడానికీ అసలు కలపకు, మూడు కాలమ్‌లను మూడుగానే ఇవ్వు. డేటాబేస్‌కు అదే తేలిక, ఇండెక్స్ (వెతకడాన్ని వేగంగా చేసే సూచిక) కూడా పనికొస్తుంది.

ఇప్పుడు, ‘ప్రతిసారీ కలపడం ఎందుకు, కలిపిన అడ్రసునే ఒక కాలమ్‌లో దాచి అసలు కాలమ్‌లు తీసేస్తా’ అన్నావు. దయచేసి ఆ పని చేయకు. మన జిల్లా చూసినవాళ్లు ఎవరూ చేయకూడదు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అయింది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయింది. 2021లో అర్బన్‌కు హనుమకొండ అని, రూరల్‌కు వరంగల్ అని పేర్లు మారాయి. ములుగులో ఉన్న రైతు ఇల్లు కదలలేదు, ఆయన అడ్రసులో జిల్లా మాత్రం వరంగల్, భూపాలపల్లి, ములుగు అని మారుతూ వచ్చింది.

కలిపి దాచిన అడ్రసులో ‘వరంగల్ అర్బన్’ అన్నచోట ‘హనుమకొండ’ అని రీప్లేస్ చేస్తే సరిపోతుంది కదా అంటావేమో. సరిపోదు. 2021లో పేర్లతో పాటు మండలాలు కూడా అటూ ఇటూ అయ్యాయి. అర్బన్‌లో ఉన్న ఖిలా వరంగల్ మండలం ఇప్పుడు వరంగల్ జిల్లాలో ఉంది. రూరల్‌లో ఉన్న పరకాల హనుమకొండ జిల్లాలోకి వచ్చింది. గుడ్డిగా రీప్లేస్ చేస్తే ఖిలా వరంగల్ రైతులు హనుమకొండ జిల్లా వాళ్లవుతారు, పరకాల వాళ్లు వరంగల్ జిల్లాలో పడతారు. అదే మండలాల టేబుల్ ఒకటి పెట్టుకుని, ప్రతి మండలానికీ జిల్లా అక్కడే రాసుకుంటే, పరకాల వరస ఒక్కటి మారిస్తే ఆ మండలంలోని రైతులందరి అడ్రసూ మారుతుంది. రైతు వరసలో జిల్లా కాలమే ఉండనక్కర్లేదు.

కలిపిన రూపం ఎప్పుడూ సిద్ధంగా కావాలంటే వ్యూ (పేరు పెట్టి దాచుకున్న క్వెరీ) ఒకటి చెయ్యి. పైన రాసిన పొడుగాటి కలయిక అందులో ఒకసారి రాస్తే బిల్లు, లేబుల్, రిపోర్టు అన్నీ దాన్నే చదువుతాయి. జెనరేటెడ్ కాలమ్ (మిగిలిన కాలమ్‌ల నుంచి డేటాబేసే లెక్కకట్టి నింపేది) కూడా పెట్టవచ్చు గానీ అది అదే టేబుల్ కాలమ్‌లను మాత్రమే చూడగలదు, మండలాల టేబుల్‌ను చూడలేదు. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో అడ్డంకి: అక్కడ కాన్‌క్యాట్, కాన్‌క్యాట్_డబ్ల్యూఎస్ రెండూ జెనరేటెడ్ కాలమ్‌లో గానీ ఇండెక్స్‌లో గానీ ఒప్పుకోదు, గీతలతో కలిపితే ఒప్పుకుంటుంది. అచ్చయిన బిల్లు మాత్రం వేరే విషయం. ఆ రోజు కాగితం మీద ఏ అడ్రసు పడిందో అదే ఉండాలి కాబట్టి బిల్లుల టేబుల్‌లో కలిపిన అడ్రసును అలాగే దాచు. అది మారకూడదు.

ఇక వెతికే పెట్టె. వాడేవాళ్లు టైపు చేసిన మాటను క్వెరీ టెక్స్ట్‌కు అతికించి నడపడం వద్దు, ఎంత చిన్న దుకాణమైనా వద్దు. డిసౌజా అన్న పేరును మధ్యలో పై కామాతో రాసేవాళ్లు ఉంటారు. ఆ పై కామా దగ్గరే నీ కోట్ మూసుకుపోతుంది, మిగిలిన అక్షరాలు క్వెరీలో భాగం అయిపోతాయి. మామూలు మనిషి అలా రాస్తే ఎర్రర్ వస్తుంది. తెలిసినవాడు రాస్తే నీ రైతుల ఫోన్ నంబర్లన్నీ బయటికి వస్తాయి. కోట్స్‌ను చేత్తో రెట్టింపు చేసి సర్దుదామని చూడకు. పారామీటర్ వాడు: క్వెరీలో విలువ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, విలువను విడిగా పంపించు. అప్పుడు ఏం టైపు చేసినా డేటాబేస్ దాన్ని విలువగానే చూస్తుంది, ఆజ్ఞగా చూడదు.

టేబుల్ పేరు, కాలమ్ పేరు మాత్రం పారామీటర్‌గా పోవు. ‘ఊరు వారీగా’, ‘పేరు వారీగా’ అని వరస మార్చే బటన్ పెడితే, ప్రోగ్రాంలోనే ఆ రెండు పేర్ల జాబితా పెట్టుకుని అందులోంచే ఎంచు, బయటి నుంచి వచ్చిన మాటను అలాగే వాడకు.

పేరులో ఎక్కడున్నా దొరకాలంటే కలపడం క్వెరీ లోపలే చేయవచ్చు, దానితో ప్రమాదం లేదు. పోస్ట్‌గ్రెస్‌లో:

పేరు లైక్ '%' || ? || '%'

మైఎస్‌క్యూఎల్‌లో కాన్‌క్యాట్('%', ?, '%'). ఇక్కడ రెండు చూసుకో. టైపు చేసిన మాటలోనే % ఉంటే రైతులందరూ వచ్చేస్తారు, అండర్‌స్కోర్ ఉంటే ఏ అక్షరమైనా సరిపోతుంది. కాబట్టి ఆ రెండింటి ముందు ఎస్కేప్ గుర్తు పెట్టి పంపించు. ఇంకొకటి, మొదట్లోనే % ఉంటే మామూలు ఇండెక్స్ పనిచేయదు. దుకాణం రైతుల జాబితా ఎంత పెద్దదైనా దానికి భయపడే పరిమాణం కాదు. ఒకవేళ నెమ్మదిగా అనిపిస్తే ముందున్న % తీసేసి పేరు మొదటి అక్షరాలతోనే వెతకనివ్వు. ఆ మార్పు తర్వాత కూడా ఇబ్బంది ఉంటే టేబుల్ నిర్మాణం, ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీని ఎలా నడుపుతుందో డేటాబేస్ చేత చెప్పించే ఆజ్ఞ) ఫలితం ఇక్కడ పెట్టు, చూస్తాను.